జనం నగరంలో, స్థలం పంచాయతీలో: పేదల ఇళ్లపై అందరినీ కలిపి కూర్చోబెట్టే కమిటీ ఏది?

ఇంటి పట్టా చేతికొచ్చింది. మీరుంటున్నది నగరంలోని ఓ వార్డులో. పట్టాలో రాసిన స్థలం మాత్రం నగరం దాటాక ఏదో పంచాయతీలో ఉంది. ఇప్పుడు అక్కడ కుళాయి ఎవరు వేయాలి? మురుగు కాలువ ఎవరు తవ్వాలి? వీధి దీపం వెలగకపోతే కమిషనర్‌కు చెప్పాలా, సర్పంచ్‌కు చెప్పాలా?

ఉత్తరాంధ్రలో ఇంటి స్థలాలు పొందిన చాలామందికి ఎదురయ్యే ప్రశ్నలివి. జవాబు ఒక్క ఆఫీసులో దొరకదు. అందుకే పంచాయతీలు, పురపాలికలు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి రాజ్యాంగమే ఒక వేదికను ఏర్పాటు చేసింది. దాని పేరు జిల్లా ప్రణాళిక కమిటీ (డీపీసీ). అదేమిటి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దానికి చిక్కు ఎక్కడొచ్చింది, మీరు ఏం అడగొచ్చు? వివరంగా చూద్దాం.

ఒక్క ఇంటికి ఎన్ని ఆఫీసులు?

పేదల ఇల్లు అనగానే హౌసింగ్ ఏఈ గుర్తొస్తారు. ఆయన పని ఇంటి నిర్మాణం వరకే. మిగతావన్నీ వేరేవాళ్ల చేతుల్లో ఉంటాయి.

• స్థలం గుర్తించి పట్టా ఇచ్చేది రెవెన్యూ శాఖ. అంటే తహసీల్దార్ ఆఫీసు.
• దరఖాస్తు తీసుకుని అర్హత పరిశీలించేది గ్రామ, వార్డు సచివాలయం.
• ఇల్లు మంజూరు చేసి, దశలవారీగా బిల్లు వేసేది రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ. ఈ సంస్థ 1979లో మొదలైంది.
• పట్టణాల్లో అపార్ట్‌మెంట్ తరహా ఇళ్లు కట్టేది ఏపీ టిడ్కో. శ్రీకాకుళంలో పాత్రునివలస, విజయనగరంలో సారిపల్లి, సోనియానగర్ టిడ్కో ఇళ్లు ఈ కోవలోవే.
• తాగునీరు పల్లెల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగం, పట్టణాల్లో పురపాలిక చూస్తాయి.
• కరెంటు ఏపీఈపీడీసీఎల్ ఇస్తుంది.
• కాలనీలో జనం చేరాక రోడ్డు, కాలువ, చెత్త, దీపాల బాధ్యత ఆ స్థలం ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉంటే దానిది.

వీటిలో ఏ ఒక్కటి వెనకబడినా ఇల్లు ఇల్లు కాదు. గోడలు లేచి కప్పు పడినా, నీళ్లు లేక జనం అద్దె ఇంట్లోనే ఉండిపోతారు.

గుంకలాం ఏం చెబుతోంది?

విజయనగరం దగ్గరి గుంకలాం లేఅవుట్ దీనికి మంచి ఉదాహరణ. 2020 డిసెంబరు 30న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి అక్కడ పట్టాల పంపిణీ ప్రారంభించారు. 397 ఎకరాల్లో 12,301 ప్లాట్లు వేశారు. అప్పటి విధానం ప్రకారం పట్టణ పేదకు ఒక సెంటు, గ్రామీణ పేదకు సెంటున్నర. లబ్ధిదారుల్లో ఎక్కువమంది విజయనగరం నగరవాసులు. స్థలం ఉన్నది నగరం బయట, గ్రామంలో.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. ప్లాటుకు సెంటు చొప్పున చూసినా 12,301 ప్లాట్లకు 123 ఎకరాలు కావాలి. రోడ్లు, కాలువలు, పార్కు, బడి, అంగన్‌వాడీకి వేరే. ప్రస్తుత విధానంలో ఇంటి స్థలం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు. అంతే మంది పట్టణ పేదలకు 2 సెంట్ల చొప్పున ఇస్తే ప్లాట్లకే 246 ఎకరాలు కావాలి. అంత ఖాళీ భూమి నగరంలో దొరకడం కష్టం. అంటే ఇకముందు నగర పేదల ఇంటికి పక్క పంచాయతీ భూమే మరింత ఎక్కువగా దిక్కవుతుంది.

పంచాయతీ వైపు నుంచి చూస్తే కష్టం వేరు. ఓ చిన్న గ్రామం పక్కనే వేల ఇళ్ల కాలనీ లేస్తే, దాని చెత్త, నీరు, దీపాల భారం ఆ గ్రామ పంచాయతీ మీద పడుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది. పంచాయతీకి ఈ డబ్బు ప్రధానంగా జనాభాను బట్టి వచ్చేది. ఆ జనాభా లెక్క మాత్రం 2011 నాటిది. కాలనీకి కొత్తగా వచ్చిన కుటుంబాలు ఆ లెక్కలో లేవు.

జిల్లా ప్రణాళిక కమిటీ అంటే?

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రతి జిల్లాలో ఈ కమిటీ ఉండాలని చెప్పింది. ఇది 243 జడ్‌డీ అధికరణలో ఉంది. పంచాయతీలు, పురపాలికలు తయారుచేసిన ప్రణాళికలను కలిపి జిల్లాకు ఒకే ముసాయిదా రూపొందించడం దీని పని. రెండు రకాల సంస్థలకూ ఉమ్మడిగా ఉన్న విషయాలను ఇది చూడాలి. భూ వినియోగం, నీటి పంపకం, మౌలిక వసతులు, పర్యావరణం అందులోకి వస్తాయి. ఇంటి కాలనీకి కావాల్సినవన్నీ ఇవే కదా!

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి చట్టం 2005లో వచ్చింది. జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ అధ్యక్షులు, కలెక్టర్ సభ్య కార్యదర్శి. మొత్తం 30 మంది సభ్యుల్లో 24 మందిని జెడ్పీటీసీలు, పురపాలక సభ్యులు తమలోంచి ఎన్నుకోవాలి. ఐదింట నాలుగు వంతుల మంది ఎన్నికైనవారే ఉండాలన్నది రాజ్యాంగ నియమం.

అధికారం సంగతేమిటి? కమిటీ ముసాయిదాను రాష్ట్ర ప్రభుత్వానికి పంపుతుంది. అంతవరకే. భూమి సేకరించలేదు, ఇల్లు మంజూరు చేయలేదు, బిల్లు వేయలేదు. ఒక రకంగా ఇది సలహా కమిటీయే. అయినా దీనికో విలువ ఉంది. నగర కార్పొరేటర్, పక్క మండలం జెడ్పీటీసీ, కలెక్టర్ ఒకే బల్ల దగ్గర కూర్చుని ‘ఈ కాలనీకి నీళ్లు ఎక్కడి నుంచి తెద్దాం’ అని మాట్లాడుకోవడానికి చట్టం ఇచ్చిన చోటు ఇదే.

ఉత్తరాంధ్రలో చిక్కు ఎక్కడ?

మొదటిది, సీట్ల లెక్క. ఎన్నికయ్యే స్థానాలను గ్రామీణ, పట్టణ జనాభా నిష్పత్తిలో పంచాలి. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో పట్టణ జనాభా సుమారు 16 శాతం, ఉమ్మడి విజయనగరంలో సుమారు 21 శాతం. 24 స్థానాల్లో పట్టణాలకు వచ్చేవి శ్రీకాకుళంలో నాలుగు, విజయనగరంలో ఐదు. స్థలం అడిగేవాళ్లు కొద్దిమంది, ఇవ్వాల్సినవాళ్లు ఎక్కువమంది అన్నమాట. ఒప్పించుకుంటే తప్ప పని జరగదు.

రెండోది, ఎన్నికలు. శ్రీకాకుళం 2015లో నగరపాలక సంస్థ అయింది. కానీ 2010లో పాత పురపాలక మండలి గడువు ముగిశాక అక్కడ ఎన్నికలు జరగలేదు. చుట్టుపక్కల పంచాయతీల విలీనంపై వివాదాలు కోర్టుకెక్కాయి. 2021 మార్చిలో రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగినప్పుడూ శ్రీకాకుళం, ఆమదాలవలస, రాజాంలలో పోలింగ్ లేదు. కార్పొరేటర్లే లేనప్పుడు కమిటీకి ఓటేసేది ఎవరు, అందులో జిల్లా కేంద్రం తరఫున కూర్చునేది ఎవరు?

మూడోది, సరిహద్దులు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీశారు. రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్‌లు మాత్రం పాత ఉమ్మడి జిల్లాల ప్రకారమే కొనసాగాయి. కలెక్టర్ ఒక జిల్లాకు, జెడ్పీ చైర్‌పర్సన్ మరో హద్దుకు అన్నట్టు తయారైంది.

దిశ, సుడా కూడా ఇదే పని చేస్తాయా?

పేర్లు వింటే ఒకేలా అనిపిస్తాయి కానీ పనులు వేరు.

దిశ కమిటీ: కేంద్ర పథకాల అమలును సమీక్షించడానికి 2016లో వచ్చింది. ఎంపీ అధ్యక్షులు, కలెక్టర్ సభ్య కార్యదర్శి. ఎమ్మెల్యేలు, జెడ్పీ చైర్‌పర్సన్, పురపాలికల అధ్యక్షులు, కొందరు సర్పంచులు సభ్యులు. మూడు నెలలకోసారి కూర్చోవాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇళ్లు ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని ఆగాయి అన్నది ఇక్కడ చర్చకు వస్తుంది. అయితే ఇది జరిగిన పనిపై సమీక్ష. జరగాల్సిన పనికి ప్రణాళిక వేయాల్సింది డీపీసీ.

పట్టణాభివృద్ధి సంస్థలు: శ్రీకాకుళం వైపు సుడా, బొబ్బిలి వైపు బుడా, విజయనగరం చుట్టుపక్కల వీఎంఆర్‌డీఏ ఉన్నాయి. ఇవి 2016 చట్టం కింద పనిచేస్తాయి. పురపాలికలు, పల్లెలు కలిసిన ప్రాంతానికి మాస్టర్ ప్లాన్ వేస్తాయి. చైర్మన్‌ను ప్రభుత్వమే నియమిస్తుంది.

ఇందులో మీకు నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే పంచాయతీ గ్రామానికి కూడా ఆవాస్ యోజన పట్టణ విభాగం వర్తించవచ్చు. ఊరు పల్లే అయినా ఇల్లు పట్టణ పథకంలో రావచ్చు. అందుకే ‘మా ఊరు ఏ పథకం కిందికి వస్తుంది’ అన్నది సచివాలయంలో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఏ పథకంలో ఎంత?

పట్టణ ఆవాస్ యోజన 2.0: 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం రూ.1.50 లక్షలు, రాష్ట్రం కనీసం రూ.లక్ష ఇవ్వాలి. కుటుంబ వార్షికాదాయం రూ.3 లక్షలు దాటకూడదు. బ్యాంకు రుణంతో కొనేవారికి వేరే విభాగంలో వడ్డీ రాయితీ ఉంది. దానికి ఆదాయ పరిమితి రూ.9 లక్షలు, గరిష్ఠ రాయితీ రూ.1.80 లక్షలు.

గ్రామీణ ఆవాస్ యోజన: మైదాన ప్రాంతంలో రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతంలో రూ.1.30 లక్షలు. కేంద్ర, రాష్ట్రాల వాటా 60:40. మరుగుదొడ్డికి రూ.12 వేలు అదనం. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి.

కళింగపట్నంలో అదనపు మెలిక

తీర గ్రామాల్లో మరో నిబంధన కూడా చూడాలి. గార మండలంలోని కళింగపట్నం వద్ద వంశధార సముద్రంలో కలుస్తుంది. ఇటు కడలి, అటు నది. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను తీరం దాటింది కళింగపట్నానికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో. ఇక్కడ పక్కా ఇల్లంటే ప్రాణరక్షణ కూడా.

కానీ తీర నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలపై ఆంక్షలున్నాయి. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన గ్రామాలకు 2019 నోటిఫికేషన్ దీన్ని 50 మీటర్లకు తగ్గించింది. నది ముఖద్వారం వెంబడి కూడా ఆంక్షలుంటాయి.

ఒడ్డున కొత్తగా కట్టడానికి వీల్లేకపోతే లోపలికి జరగాలి. లోపలి భూమి పక్క పంచాయతీది కావచ్చు. మరీ దూరం జరిపితే పడవ, వల ఒకచోట, కాపురం ఒకచోట అవుతుంది. మత్స్యకార కుటుంబం ఆ ఇంట్లో ఉండదు. రెండు పంచాయతీలు, రెవెన్యూ, మత్స్యశాఖ కలిసి తేల్చాల్సిన విషయం ఇది.

బయట ఎలా చేస్తున్నారు?

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా మన పాఠకుల్లో చాలామందికి తెలిసిన చోటే. అక్కడి స్థానిక సంస్థలు కలిసి 1961లోనే ఒక సంఘం పెట్టుకున్నాయి. దాని పరిధిలో ఇప్పుడు 9 కౌంటీలు, 101 నగరాలు ఉన్నాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ప్రతి నగరం తన వంతు ఇళ్లకు చోటు చూపాలి. 2023-31 కాలానికి ఆ ప్రాంతం మొత్తానికి రాష్ట్రం నిర్ణయించిన లెక్క 4,41,176 ఇళ్లు. ఏ నగరం వాటా ఎంతన్న లెక్కకు పద్ధతిని ఎన్నికైన ప్రతినిధులు, అధికారులు, ఇతర వర్గాలవారు ఉన్న ఒక సలహా కమిటీ సూచించింది. ఇళ్ల కొరత అక్కడా తీరలేదు. కానీ ఏ ఊరి వాటా ఎంతో కాగితం మీద ఉంది. ఎవరైనా అడగొచ్చు. మన జిల్లా ప్రణాళికలో కనిపించాల్సింది కూడా ఈ వాటాయే.

మీరు ఏం చేయొచ్చు?

1. పట్టా తీసుకునే ముందే స్థలం ఏ పంచాయతీ, ఏ మండలం, ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో రాసి పెట్టుకోండి. తీర గ్రామమైతే ఆ సర్వే నంబరు తీర నియంత్రణ హద్దుల్లో ఉందో లేదో అడగండి.

2. గ్రామసభలో కాలనీ నీరు, కాలువ పనులను పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చమని అడగండి. డీపీసీ దగ్గరికి వెళ్లేది ఆ ప్రణాళికే. అందులో లేని పని పైకి వెళ్లదు.

3. మీ జెడ్పీటీసీని, కార్పొరేటర్‌ను లేదా కౌన్సిలర్‌ను ఒకే మాట అడగండి: ‘మన జిల్లాలో డీపీసీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? మా కాలనీ గురించి అందులో ఏం రాశారు?’

4. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసుల్లో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

5. కుళాయి, కరెంటు లాంటి విడి సమస్యలకు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. అర్జీలో రెండు స్థానిక సంస్థల పేర్లూ రాయండి. ఒక్కదాని పేరే రాస్తే ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపే అవకాశం ఉంది.

ఇల్లు కట్టేది లబ్ధిదారు, డబ్బిచ్చేది ప్రభుత్వం. ఆ ఇంటిని ఊరితో కలిపే పని మాత్రం స్థానిక సంస్థలది. అవి కలిసి కూర్చోవాలని చట్టం చెబుతోంది. ఎప్పుడు కూర్చున్నాయో అడిగే హక్కు మీకుంది.