మూసిన ల్యాప్‌టాప్‌తో బయటి మానిటర్ వాడకం

ల్యాప్‌టాప్ మూతను మూసి ఉంచి, దానికి కలిపిన వేరొక మానిటర్, కీబోర్డు, మౌస్‌లతో పనిచేసే పద్ధతిని క్లామ్‌షెల్ విధానం అంటారు. ఆల్చిప్ప వలె మూసుకొనే ఆకారాన్ని బట్టి ఈ పేరు వచ్చింది. బల్లపై చోటు కలిసివస్తుంది, మెడ వంచకుండా పెద్ద తెరను చూడవచ్చును.

మూత మూయగానే కంప్యూటరు తప్పనిసరిగా ఆగిపోతుందనుకోవడం పొరపాటు. చాలా ల్యాప్‌టాప్‌లలో తెర భాగంలో చిన్న అయస్కాంతం, కింది భాగంలో దానిని పసిగట్టే హాల్ సెన్సార్ ఉంటాయి. సెన్సార్ మూత పడిందని మాత్రమే తెలుపుతుంది. నిద్రావస్థకు వెళ్ళాలా, వద్దా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ నిర్ణయిస్తుంది.

అమరిక

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి, మూత మూసినపుడు ఏమి చేయాలో తెలిపే చోట "డూ నథింగ్" ఎంచుకోవాలి. అక్కడ బ్యాటరీకి, ఛార్జరుకు వేర్వేరు గడులు ఉంటాయి. ఛార్జరుకు సంబంధించినది మాత్రమే మార్చడం మేలు. రెండూ మార్చి, ఆ సంగతి మరచి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెడితే అది లోపల నడుస్తూనే ఉంటుంది. గాలి ఆడక వేడెక్కుతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది.

ఆపిల్ మ్యాక్‌బుక్‌లలో ఈ మార్పు అక్కరలేదు. ఛార్జరు, మానిటర్, కీబోర్డు, మౌస్ కలిపి మూత మూస్తే చాలును. 2024లో విడుదలైన ఎం3 మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనైతే మూత మూసినపుడే రెండు బయటి మానిటర్లు పనిచేస్తాయి, తెరిస్తే ఒకటే.

ఇబ్బందులు

కొన్ని నమూనాలు కీబోర్డు సందుల గుండా కూడా గాలి తీసుకుంటాయి. వీడియో కూర్పు వంటి బరువైన పనులకు వాటి మూత తెరచి ఉంచడమే మంచిది. తెరపై అంచున ఉండే కెమెరా మూత కింద పనికిరాదు గనుక ఆన్‌లైన్ తరగతులకు వేరొక కెమెరా కావాలి.