అక్కి జబ్బు – నాటి నుండి నేటి వరకు

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. పెన్షన్ల సంగతి మిగతా మిత్రులు ఎలాగూ వ్రాస్తారు. అందుచేత మనలో చాలామంది ఇండ్లకు చెప్పకుండా వచ్చిన ఒక పాత చుట్టం గురించి వ్రాయదలిచాను. మన వైపు దానిని అక్కి అని, సర్పి అని అంటారు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు.

నేను 1973లో జనగామ తాలూకా కచేరీలో క్లర్కుగా చేరాను. గ్రామాల నుండి వచ్చిన అంటువ్యాధుల రిపోర్టులు కలిపి, స్టేట్‌మెంటు తయారు చేసి జిల్లాకు పంపడం నా సీటు పనులలో ఒకటి. కలరాకు ఒక గడి, మశూచికి ఒక గడి ఉండేవి. 1975తో మన దేశంలో మశూచి కేసులు ఆగిపోయాయి. 1977లో దేశం నుండి అది పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది. అక్కికి మాత్రం ఆ స్టేట్‌మెంటులో ఏనాడూ గడి లేదు. దానితో సాధారణంగా ఎవరూ చావరు. చావని జబ్బు లెక్కకు రాదు. నెలల తరబడి నిద్రలేకుండా మూలిగిన ముసలివాళ్ళను ఏ గడిలో వేస్తాం?

పల్లెలలో ఈ జబ్బుకు మొదటి వైద్యుడు కుమ్మరి. ఎర్రమన్ను కలిపి పొక్కుల మీద బొమ్మ గీసేవారు. దీనినే అక్కి వ్రాయించుకోవడం అంటారు. పాము నడుము చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడని పెద్దలు భయపెట్టేవారు. నిజానికి అది కలవదు. ఈ జబ్బు వెన్ను దగ్గర నుండి బయలుదేరిన ఒక నరం వెంట, శరీరానికి ఒక ప్రక్కనే నడుస్తుంది. చూడటానికి సగం వడ్డాణంలా ఉంటుంది. గ్రీకు భాషలో జోస్టర్ అన్నా నడికట్టు అనే అర్థమట. తడిమన్ను కాసేపు చల్లగా ఉంటుంది, పొక్కులు ఎలాగూ రెండు మూడు వారాలలో మాడిపోతాయి. పేరు కుమ్మరికి వచ్చేది. ఆయనను తప్పుపట్టను. ఆ రోజులలో పల్లెలో ఇంతకంటే మంచి వైద్యం ఉన్నదెక్కడ?

అసలు సంగతి తెలియడానికి ప్రపంచానికి కూడా చాలా కాలం పట్టింది. అక్కి వచ్చిన పెద్దవారి దగ్గర మసలిన పిల్లలకు ఆటలమ్మ పోయడం 19వ శతాబ్దం చివర హంగరీ దేశపు పిల్లల డాక్టరు బోకై గమనించారు. 1950లలో అమెరికాలో థామస్ వెల్లర్ రెండింటికీ ఒకే వైరస్ కారణమని చూపారు. తరువాత ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊరి డాక్టరు హోప్ సింప్సన్ తన దగ్గరకు వచ్చిన 192 కేసులను 16 సంవత్సరాలపాటు రిజిస్టరులో వ్రాసుకుని 1965లో వివరణ ఇచ్చారు. చిన్నతనంలో వచ్చిన ఆటలమ్మ తగ్గిపోయినా ఆ వైరస్ చావదు, నరాల మూలంలో దాక్కుంటుంది, వయసు మళ్ళి ఒంట్లో కాపుదల సడలినప్పుడు తిరిగి లేస్తుంది అని. క్లోజ్ చేసి రికార్డు రూములో పడేసిన ఫైలు ముప్పై ఏళ్ళకు మళ్ళీ టేబులు మీదికి రావడం మనమంతా చూసినవాళ్ళమే. రిజిస్టరు చక్కగా పెట్టుకున్న మనిషికి దొరికిన ఫలితం కాబట్టి ఆ డాక్టరంటే నాకు కొంచెం అభిమానం ఎక్కువ.

1990లలో భూపాలపల్లిలో పనిచేసినప్పుడు ప్రక్కింట్లో ఒక బొగ్గుగని కార్మికుడు ఉండేవాడు. అతనికి నడుము మీద అక్కి లేచింది. గనిలోకి దిగాలంటే లైటు బ్యాటరీని నడుము బెల్టుకే కట్టుకోవాలి. పొక్కులు మాడిన తరువాత కూడా ఆ బెల్టు ఆనితే ప్రాణం పోయేదట. ఎన్నో మస్టర్లు పోగొట్టుకున్నాడు. ఎయిడ్స్ భయం కొత్తగా వచ్చిన కాలమది. చిన్న వయసులో అక్కి వస్తే డాక్టర్లు ఆ రక్తపరీక్ష కూడా చేయించేవారు. అందువల్ల కొందరు ఆసుపత్రికి పోకుండా దాచుకున్నారు కూడా.

ఇక మా ఇంటి సంగతి. 2011లో మానుకోటలో ఉండగా మా ఇంటావిడకు నాలుగు రోజులు ఎడమవైపు ఒంటితలనొప్పి వచ్చింది. తరువాత నుదుటి మీద పొక్కులు లేచాయి. పొరుగువారు చెప్పగా అక్కి వ్రాయించాము. ముక్కు కొన మీద కూడా పొక్కు లేచేసరికి భయపడి డాక్టరు దగ్గరకు పోయాము. అప్పటికి పొక్కులు లేచి ఆరు రోజులు. ఎసైక్లోవిర్ మాత్రలు మొదటి 72 గంటలలో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయని, ముక్కు కొనకు వచ్చిందంటే కంటికి ప్రమాదమని ఆయన చెప్పారు. ఆ మందు తయారైన పరిశోధనశాలలో పనిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లోనే నోబెల్ బహుమతి వచ్చింది. మందు బజారులో ఉంది, ఆలస్యం మాదే. ఎడమ కంటి చూపు మసకబారింది. నొప్పి మందులకు ఏడాదిపైగా ఖర్చయింది. అవుట్ పేషెంటు చికిత్స చెల్లదని రీయింబర్స్‌మెంటు బిల్లు తిరిగి వచ్చింది. సర్వీసులో నేను అలాంటి అబ్జెక్షన్లు ఎన్ని వ్రాశానో, ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు మానుకోటలో 2022 నుండి, జనగామ, భూపాలపల్లిలలో 2023 నుండి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వరంగల్ ఎం.జి.ఎం. దాకా పోవలసిన అవసరం తగ్గింది. 50 ఏళ్ళు దాటినవారికి అక్కి రాకుండా షింగ్రిక్స్ అనే టీకా 2023లో మన దేశంలోకి వచ్చింది. రెండు డోసులు, మధ్య రెండు నుండి ఆరు నెలల ఎడం. ఖరీదు వేలలో ఉంటుంది. షుగరు ఉన్నవారు తమ డాక్టరును అడిగి చూడడం మంచిది. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రాకూడదని లేదు కనుక మేమిద్దరం డి.ఆర్. బకాయిలు పడిన నెలలో మొదటి డోసు వేయించుకున్నాము.

సూది వేసే నర్సమ్మ ఆప్యాయంగా తల నిమరబోతే మా ఇంటావిడ చప్పున వెనక్కి జరిగింది. ఈ రోజుకీ ఎడమవైపు దువ్వెన ఆననివ్వదు.