చేతితో చేసిన ఖుక్రీ: సంరక్షణ, భద్రత, చట్టం

ఖుక్రీ నేపాల్ కమ్మరులు తయారుచేసే వంపు కత్తి. గూర్ఖా సైనికుల ఆయుధంగా ప్రపంచ ప్రసిద్ధి పొందినప్పటికీ, కొండ పల్లెల్లో అది కట్టెలు కొట్టడానికి, పొదలు నరకడానికి, మాంసం కోయడానికి ఉపకరించే ఇంటి పనిముట్టు. తూర్పు నేపాల్‌లోని భోజ్‌పుర్ ఈ కత్తులకు పేరుగాంచింది. యంత్రాలతో తయారైన స్టెయిన్‌లెస్ కత్తికి అవసరం లేని శ్రద్ధ దీనికి అవసరం.

తయారీ విధానం

ఖుక్రీలకు ఎక్కువగా పాత వాహనాల కమాను పట్టీల ఉక్కును వాడతారు. కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి ఆకృతినిచ్చిన తరువాత, ఎర్రగా కాలిన కత్తి అంచు మీద మాత్రమే కెటిల్‌తో నీటిని ధారగా పోస్తారు. వేగంగా చల్లారిన అంచు గట్టిపడుతుంది. వెన్ను కొంత మెత్తగా ఉండి దెబ్బను తట్టుకుంటుంది. ఒరలో కత్తితో పాటు మరో రెండు చిన్న పరికరాలు ఉంటాయి. చిన్న పనులకు వాడేది ‘కర్దా’. పదును లేని ‘చక్‌మక్’ను అంచు సరిచేయడానికి, చెకుముకి రాయిపై నిప్పు రాజేయడానికి వాడతారు.

తుప్పు నివారణ

కార్బన్ ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. రక్తం, ఉప్పు, నిమ్మరసం వంటివి అంటిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. ఆపై కుట్టు మిషన్ నూనెను పలుచగా పూయాలి. వంటనూనెలు కాలక్రమంలో జిగురుగా మారతాయి. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కనుక, దీర్ఘకాలం వాడనప్పుడు కత్తిని ఒర బయట, పిల్లలకు అందని చోట భద్రపరచాలి. సంప్రదాయ పద్ధతిలో పిడిని బిగించే సహజ బంక వేడికి మెత్తబడుతుంది. అందువల్ల కత్తిని వేడినీటిలో నానబెట్టరాదు.

పదును

విద్యుత్ సానచక్రంపై అంచు వేడెక్కితే కమ్మరి ఇచ్చిన గట్టిదనం పోతుంది. దానిని మళ్లీ తెప్పించాలంటే కొలిమికి తీసుకువెళ్లక తప్పదు. తడి సానరాయితో చేత్తో నూరడమే సురక్షితం. లోపలి వంపులో చదునైన రాయి ఆనదు కనుక, గుండ్రని కర్రకు సన్నని గరుకు కాగితం చుట్టి నూరాలి.

ఒర నుంచి తీయడం

ప్రమాదాలు ఎక్కువగా ఇక్కడే జరిగే అవకాశం ఉంది. పదునైన అంచు ఒరను చీల్చుకుని బయటకు రాగలదు. ఒరను వెన్ను వైపు నుంచే పట్టుకోవాలి. అంచు ఉన్న వైపునకు వేళ్లను చుట్టరాదు.

చట్టం ఏమంటోంది?

ఆయుధ నిబంధనలు–2016లోని వర్గీకరణలో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు, ఖుక్రీలు సహా, పదునైన ఆయుధాల కిందకు వస్తాయి. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు రూపొందించినవి దీనికి మినహాయింపు. ఆయుధ చట్టం–1959లోని 4వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇటువంటి ఆయుధాలకు లైసెన్సు అవసరం. కొనుగోలుకు ముందు స్థానిక పోలీసులను సంప్రదించడం మేలు. విమానంలో చేతి సంచిలో కత్తిని అనుమతించరు.

పిడి విషయంలోనూ జాగ్రత్త అవసరం. గేదె కొమ్ము, కలప పిడులు సాధారణం. దుప్పి కొమ్ముతో చేసిన పిడి మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 పరిధిలోకి వస్తుంది. అనుమతి లేకుండా దాని క్రయవిక్రయాలు నేరం. ‘వేట కత్తి’ పేరుతో అమ్మినా, భారత్‌లో వన్యప్రాణుల వేట నిషిద్ధమని కొనుగోలుదారులు గుర్తుంచుకోవాలి.