జోడెఘాట్ మరణము: హత్యయా, అణచివేతయా?

ఉట్నూరు నుండి ఆసిఫాబాదునకు పోవు మార్గమున జైనూరు దాటిన పిమ్మట నేల క్రమముగా లేచి కెరమెరి కనుమలలో కలియును. ఆ కొండల నడుమ, నేటి కెరమెరి మండలమునందు, జోడెఘాట్ అను చిన్న గోండు గూడెము కలదు. 1940వ సంవత్సరమున నిజాము ప్రభుత్వపు పోలీసులు అచ్చట జరిపిన కాల్పులలో కొమురం భీము అను గోండు నాయకుడును, అతని అనుచరులు కొందరును మరణించిరి. ఈ సంగతి తెలుగు దేశమున నేడు తెలియనివారు లేరు. అయినను ఆ మరణమునకు చరిత్ర ఏ పేరు పెట్టవలెనను ప్రశ్న తగినంతగా విచారింపబడలేదని మా అభిప్రాయము. ప్రభుత్వ పక్షమున అది తిరుగుబాటును అణచుట. గోండుల దృష్టిలో అది హత్య. ఈ రెండు మాటలలో ఏది సత్యమునకు సమీపమో పరిశీలించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

వ్యక్తి చరిత్రకు ముందు భూమి చరిత్రను తెలిసికొనుట అవసరము. చాందా కోటను రాజధానిగా చేసికొని గోండు రాజులు పలు శతాబ్దములు పాలించిరి. ప్రాణహితకు, పెన్‌గంగకు దక్షిణముననున్న ఈ కొండసీమ వారి ప్రాబల్యమున నుండెను. పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున నాగపురపు భోంస్లేలు చాందా రాజ్యమును అంతమొందించిరి. తరువాత దక్షిణపు భూభాగము నిజాము ఏలుబడిలో స్థిరపడెను. సిర్పూరు–తాండూరు అను పేరుతో నుండిన ఈ ప్రాంతము 1905లో ఆదిలాబాదు జిల్లాగా ఏర్పడెను. రాజ్యము పోయినను గోండుకు నేల పోలేదు. జనము తక్కువ, అడవి ఎక్కువ అయిన కాలమున దున్నినవానిదే పొలము.

ఈ స్థితి ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దములలో మారినది. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియై, దుర్గమమైన సీమకు వ్యాపారులును, మైదానపు రైతులును వచ్చుటకు దారి తెరచెను. భూమికి వెల వచ్చినది. వెల వచ్చిన భూమికి కాగితము కావలసివచ్చినది. పట్టా అను మాటకు అర్థమెరుగని గోండు తన పొలము తనదేయని ఊరకుండగా, కచేరీ మర్మమెరిగినవారు దానిని తమ పేర వ్రాయించుకొనిరి. గోండుల సేద్యపద్ధతియే వారికి శత్రువైనది. వారు తేలిక నేలలను కొన్నేండ్లు దున్ని, సారము తగ్గగనే కొన్నేండ్లు బీడు పెట్టుదురు. బీడుగానున్న కాలమున ఆ నేల దిక్కులేనిదిగా లెక్కలలోకెక్కి, సర్కారుదో పరులదో అయ్యెడిది. కొండ వాలులపై పోడు కొట్టుకొని జీవించు కొలాముల స్థితి ఇంతకంటె దుర్భరము.

మరియొక వైపున అటవీశాఖ కాపుదల అడవులకు హద్దులు గీచుచుండెను. ఆ గీతలు అనేక చోట్ల ఊళ్ల మీదుగను, చేల మీదుగను పోయినవి. తాతల నాటి గూడెమున నిదురించినవాడు ఉదయమున లేచుసరికి ప్రభుత్వపు అడవిలో అక్రమముగా కాపురమున్నవాడాయెను. హద్దురాతికి లోపలనున్నవానిని వెడలగొట్టు అధికారమును, వెడలగొట్టకుండుటకు లంచము గొను అవకాశమును ఒకే చౌకీదారు చేతిలో నుండెను. జోడెఘాట్ కథకు బీజమిచ్చట నాటబడినదని మేము తలంచుచున్నాము.

ఇక కొమురం భీము. ప్రచారమునందున్న జీవితకథనము ప్రకారము అతడు 1901 ప్రాంతమున ఆసిఫాబాదు సమీపమునందలి సంకెపల్లిలో జన్మించెను. తండ్రి అటవీ సిబ్బంది దౌర్జన్యమునకు బలియైన పిమ్మట కుటుంబము సుర్ధాపురమునకు తరలిపోయి అడవి కొట్టి సేద్యమారంభించెను. ఆ భూమి తనదని సిద్దిఖు అనునతడు వచ్చి పంటపై చేయి వేయబోగా, కలహమున భీము కొట్టిన దెబ్బకు అతడు మరణించెను. భీము చాందాకును, అచ్చటి నుండి అస్సాము తేయాకు తోటలకును పోయి, కొన్నేండ్లకు తిరిగివచ్చెనని ఆ కథనము చెప్పును.

ఈ మొదటి మరణమును దాచి రెండవ మరణమును మాత్రము చెప్పుట చరిత్రకారునికి ధర్మము కాదు. జోడెఘాట్ కథలో ప్రాణము తీసిన చేతులు రెండు పక్షములను కలవు. అయితే రెంటికిని భేదము కలదు. సుర్ధాపురమున జరిగినది పంట ముందు నిలిచిన ఇద్దరి నడుమ కలహము. దానిని హత్యగా పేర్కొనుటకు శాసనము వెంటనే సిద్ధమైనది, దోషి దేశము విడిచి పారిపోవలసివచ్చినది. జోడెఘాట్‌లో జరిగినది ఒక ప్రభుత్వము తన ప్రజలపై ఆయుధమెత్తుట. దానికి పేరు పెట్టుటకు శాసనము ముందుకు రాలేదు. ఒకే సీమలో, ఒకే తరమున, భూమి కొరకే కలిగిన మరణములు రెండు. ఒకదానికి నేరమను పేరును, మరియొకదానికి శాంతిస్థాపనయను పేరును వచ్చుటయే మనము గమనింపదగిన విషయము.

తిరిగివచ్చిన భీము బాబెఝరి, జోడెఘాట్ ప్రాంతమున గోండులను, కొలాములను కూర్చుకొని, ధనోరా అడవి హద్దులలో పోడు కొట్టించి గూడెములు నిలిపెను. ఇట్టివి పండ్రెండు గ్రామములని సంప్రదాయము చెప్పును. అటవీ సిబ్బంది వచ్చి గుడిసెలను తగులబెట్టిరి. గూడెములవారు ఎదిరించిరి. అర్జీలు, రాయబారములు నడచినవి, ఫలింపలేదు. తుదకు సాయుధ పోలీసులు కొండనెక్కిరి. బరిసెలు, గొడ్డళ్లు పట్టినవారికిని తుపాకులు పట్టినవారికిని నడుమ జరిగినదానిని యుద్ధమని పిలుచుట కష్టము. భీము ఆ కాల్పులలో పడిపోయెను.

ఈ ఘటన జరిగిన దినమును గూర్చి అభిప్రాయభేదము కలదు. కొన్ని గ్రంథములలో 1940 సెప్టెంబరు 1 అని కనబడును. అక్టోబరు తేదీలను చెప్పువారు మరికొందరు. గోండులు మాత్రము ఆశ్వయుజ పౌర్ణమినాడే ఏటేట భీము వర్ధంతిని జరుపుచున్నారు. పండువెన్నెల రాత్రి పోలీసులు చుట్టుముట్టిరని వారి కథనము. ఇచ్చట పంచాంగము కొంత సాక్ష్యమీయగలదు. 1940 అక్టోబరు 1వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దక్షిణ అమెరికాలోను, దక్షిణ ఆఫ్రికాలోను అది కనబడినది. సూర్యగ్రహణము అమావాస్యనాడే కలుగును గనుక, ఆ పిమ్మట వచ్చిన ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబరు 16వ తేదీ. అదే గణనమున వెనుకకు పోయినచో సెప్టెంబరు 1వ తేదీ శ్రావణ బహుళాంతమున, అమావాస్య ముంగిట పడును. కావున ఈ రెండు కథనములకును భేదము నెలన్నర మాత్రమే కాదు. ఒకటి చీకటి రాత్రి, మరియొకటి నిండు వెన్నెల రాత్రి. సెప్టెంబరు తేదీని అంగీకరించినవారు వెన్నెలను విడువవలెను, వెన్నెలను నిలుపుకొనువారు సెప్టెంబరును విడువవలెను. రెంటిని కలిపి వ్రాయుట తగదు.

ఈ గణనము తేదీని తేల్చునని మేము చెప్పుటలేదు. కాని ఒక విషయమును ఇది స్పష్టపరచుచున్నది. గోండులు తమ మృతులను అధికారుల లెక్కను బట్టి గాక తమ లెక్కను బట్టి స్మరించుచున్నారు. వ్రాతలేని సమాజమున తిథియే శాసనము. వంశగాథలను తరతరములుగా పాడి నిలుపు పర్ధానులు, తోటీలు కల జాతికి జ్ఞాపకము వినోదము కాదు, అది దస్తావేజు. కచేరీ కాగితమున తమ పొలమును పోగొట్టుకొన్నవారు తమ నాయకుని మరణమునైనను కచేరీ కాగితమునకు అప్పగింపకుండుట సహజము.

ఇక రెండవ సాక్షి మానవశాస్త్రవేత్త. వియన్నాలో 1909లో జన్మించిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిననాటికి జర్మను పాస్‌పోర్టు కలవాడగుటచే ఆంగ్లేయులకు శత్రుదేశీయుడాయెను. అయినను నిజాము రాజ్యమున నుండి పరిశోధన చేసికొనుటకు అతనికి అనుమతి లభించెను. చెంచులను, కొండరెడ్లను పరిశీలించిన పిమ్మట అతడు గోండుల కడకు వచ్చి, నేటి జైనూరు మండలమునందలి మార్లవాయి గ్రామమును నివాసముగా చేసికొనెను. జోడెఘాట్ కాల్పుల నెత్తురు అప్పటికింకను ఆరలేదు. గోండుల అశాంతికి కారణమేమని ప్రభుత్వము అడుగగా అతడిచ్చిన సమాధానము స్పష్టము: కారణము భూమి, దానితోపాటు క్రింది ఉద్యోగుల పీడనము. ఆయన నివేదికలు ‘ట్రైబల్ హైదరాబాద్’ అను పేర 1945లో వెలువడినవి. గోండుల సమాజమును వర్ణించు ఉద్గ్రంథము 1948లో వచ్చెను.

ఈ సమాధానము వినిన ప్రభుత్వము చేసినదేమి? మా వాదమునకు ఇది కీలకము. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము ప్రారంభమాయెను. గోండీ భాషలో వాచకములు తయారైనవి. ప్రత్యేకాధికారులు నియుక్తులై, వేలాది గోండు, కొలాము కుటుంబములకు పట్టాలిచ్చిరి. ఆ పనిలో సేతు మాధవరావు పగడీ వంటి అధికారులు పేరు గడించిరి. 1356 ఫసలీలో, అనగా 1946–47లో, గిరిజన ప్రాంతముల నిబంధన వెలువడెను. గిరిజనుల భూమి పరుల పాలు గాకుండ కాపాడుటయు, వారి తగవులను వారి పంచాయతీలే తీర్చుటయు దాని లక్ష్యములు.

భీము కోరినదేమి? దున్నిన నేలపై హక్కు, అడవిలో బ్రతుకు, తన ఊరిపై తన మాట. ఈ కోరికలలో అధిక భాగమును ప్రభుత్వము అతడు మరణించిన ఆరేడేండ్లలో స్వయముగా చట్టమున వ్రాసెను. కోరిక అన్యాయమైనదేని చట్టమగుట ఎట్లు? న్యాయమైనదేని దానికై నిలిచినవానిపై తుపాకి పేలుట ఎట్లు? చట్టము ఒక విధముగా ఒప్పుకోలు పత్రము. మృతుని పేరెత్తకయే మృతుని పక్షమున వ్రాయబడిన తీర్పు అది.

దీనికి ఆక్షేపణ రాగలదు. గూడెములవారు ఆయుధములు పట్టిరి, అధికారుల ఆజ్ఞను ధిక్కరించిరి, ఆజ్ఞను నెరవేర్చిన పోలీసును హంతకుడనుట తగునా యని. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. తుపాకి పేల్చిన జవానుపై నేరమును మోపుట మా ఉద్దేశము కాదు. హత్య యనగా ఒక వ్యక్తి మరియొక వ్యక్తిని సంకల్పపూర్వకముగా చంపుట యని శాసనము చెప్పును. ఆ నిర్వచనమున జోడెఘాట్ ఇముడదు. కాని ఒకని జీవనాధారమును మొదట గీతతోను, పిదప నిప్పుతోను తొలగించి, అతడు నిలిచి ఎదిరించినప్పుడు ఆ ఎదిరింపునే అతనిని చంపుటకు కారణముగా చూపుట కేవలము అణచివేత యను మాటలో కూడ ఇముడదు. అచ్చట సంకల్పము వ్యక్తిలో గాక వ్యవస్థలో నుండెను. న్యాయస్థానపు భాషలో గాక చరిత్ర భాషలో, గోండుల మాటయే సత్యమునకు సమీపమని మా నిర్ణయము.

పేరును గూర్చిన ఈ విచారణ వ్యర్థమనువారికి పిమ్మటి చరిత్రయే సమాధానము. 1359 ఫసలీ నియమములు, 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించుట, 1970 నాటి సవరణ, ఇట్లు చట్టములు ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. భూములు మాత్రము చేతులు మారుచునేయుండెను. 1981 ఏప్రిల్ 20వ తేదీన, ఇదే సీమయందలి ఇంద్రవెల్లిలో, భూమి సమస్యలపై సభకు కూడిన గోండులపై పోలీసులు మరల కాల్పులు జరిపిరి. మృతులు పదుమువ్వురని ప్రభుత్వము చెప్పెను. అంతకు పలురెట్లని పౌరహక్కులవారు చెప్పిరి. ప్రభుత్వము మారినది, శతాబ్ది మూడవ వంతునకు పైగా గడచినది, రాజ్యాంగము వచ్చినది. కొండపై కథ మారలేదు. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టము తన పీఠికలోనే అటవీవాసులకు చారిత్రకమైన అన్యాయము జరిగినదని ఒప్పుకొన్నది. జోడెఘాట్ జరిగిన అరువదియారేండ్లకు దేశ శాసనసభ పలికిన మాట అది.

నేడు భీము పేరు అంతటను వినబడుచున్నది. 1983లో సాహు, అల్లం రాజయ్య రచించిన నవల అతనిని చదువరుల కడకు తెచ్చినది. 2016లో ఏర్పడిన ఆసిఫాబాదు జిల్లాకు అతని పేరే పెట్టిరి. ఆసిఫాబాదు సమీపమున పెద్దవాగుపై నిర్మించిన జలాశయమును ఆ పేరుననే పిలుచుచున్నారు. హుస్సేన్ సాగరు గట్టున అతని విగ్రహము నిలిచినది. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు కలవు. చంపబడినవానికిని, ఆ మరణమునకు కారణము చెప్పినవానికిని ఆ సీమ సమానముగా చోటిచ్చినది.

అయితే విగ్రహము వేరు, విచారణ వేరు. మరణించినవానిని వీరుడని కొనియాడుట సులభము. అతడు మరణింపవలసివచ్చిన కారణమును పేరుపెట్టి పిలుచుట కష్టము. హద్దురాయి కథను, బీడుపొలము కథను చెప్పక భీము కథను చెప్పినచో అది పురాణమగును గాని చరిత్ర కాజాలదు. ఏటేట ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడెఘాట్ కొండపై చేరు గోండులు కన్నీటితో పాటు ఈ ప్రశ్నను కూడ మోసికొని వత్తురు. దానికి సమాధానము చెప్పవలసిన బాధ్యత వారిది కాదు, మనది.