తోలుబొమ్మలును జపాను తెరయాటలును

బత్తలపల్లి ప్రాంతపు పెద్దలకు తోలుబొమ్మలాటనుగూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట బొమ్మలవారి యూరు. తెల్లని బట్టను తెరగా కట్టి, వెనుక దీపముంచి, మేకతోలున మలచి రంగులద్దిన రామలక్ష్మణులను రాత్రియంతయు ఆడించుట వారి వంశవిద్య. మరియొక విధమగు తెరయాట జపానుదేశమున వృద్ధిచెంది, నేడు మన మనుమల చేతి ఫోనులోనికిని వచ్చినది. దాని చరిత్రము వినదగినది.

పులిజూదమున ఒకరు కాయ జరుపువరకు రెండవవారు వేచియుందురు. కథానాయకుని పాత్ర ధరించి ఆడెడి కంప్యూటరు ఆటలు తొలుత పెక్కులు ఇట్టి వంతుల పద్ధతినే అనుసరించెను. 1984వ సంవత్సరమున నిహోన్ ఫాల్కమ్ అను జపాను సంస్థ 'డ్రాగన్ స్లేయర్' అను ఆటను వెలువరించెను. ఇందు వంతులు లేవు. మీట నొక్కినంతనే వీరుడు కదలును, పోరును. 1986 ఫిబ్రవరి 21వ తేదీన నింటెండో సంస్థవారి 'జెల్డా' వెలువడెను. ఆటను నడుమ నాపి, మరునాడు సాగించు వీలు దానియందు కలదు. 1987లో ఫాల్కమ్‌వారే 'ఈస్' అను ఆటను తెచ్చిరి. ఎఱ్ఱజుట్టు గల ఆడోల్ అను యువకుడు దానికి నాయకుడు. కత్తి విసరుటకు మీటయే లేదు. పొట్టేలువలె డీకొనుటయే పోరు. ఎదురుగా తాకిన దెబ్బ తనకు తగులును. కొంచెము ప్రక్కకు తొలగి తాకినచో శత్రువునకే తగులును.

ఈ ఆటలు అయస్కాంతపు పూతగల పలుచని డిస్కులమీద వ్రాయబడెను. ఆ పూత కాలక్రమమున చెడును. వానిని నడిపిన యంత్రముల తయారీయు నిలిచిపోయెను. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 అంగడిలో దొరకుట లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను ప్రకటించెను.

దీనికి విరుగుడుగా ఎమ్యులేటరు అను ప్రోగ్రాము ఏర్పడెను. పాత యంత్రము ఏ ఆజ్ఞకు ఏమి చేసెడిదో, దానినే క్రొత్త యంత్రముచేత చేయించుట దీని పని. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 1996లో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయము, 2013నుండి పాత ఆటలను బ్రౌజరులోనే ఆడుకొనునట్లు చేసెను. కర్తల హక్కులను గూర్చిన వివాదము మాత్రము తీరలేదు.

మరల నిమ్మలకుంటకు వత్తము. అచ్చటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించెను. ఆ యూరి తోలుపని నేడు దీపపు తొడుగులుగను, గోడ చిత్రములుగను అమ్ముడగుచున్నది. దానివలన కుటుంబములకు కూడు దొరకుచున్నది, అది మంచిదే. కాని ఒక భేదము గమనింపుడు. జపానులో యంత్రము పోయి ఆట నిలిచెను. మనయొద్ద తోలు నిలిచి ఆట సన్నగిల్లుచున్నది. దీపపు తొడుగుమీది హనుమంతుడు లంకను కాల్చడు.

ఏ పాటకు ఏ బొమ్మ ఎట్లు తలయూపవలెనో, కేతిగాడు ఏ పట్టున తెరమీదికి దూకి నవ్వింపవలెనో, ఇవియే మన ఆటకు ఆజ్ఞలు. అవి తోలుమీద వ్రాసిలేవు. ఆడించువారి నాలుకలయందును, చూచిన మీ జ్ఞాపకములయందును కలవు. కావున మనుమని చేతి ఫోనును చూచి కసరుకొనక, ఈ యేటి జాతరకు బొమ్మలాట నొకరాత్రి ఆడించి, ఆడించువారి యనుమతితో ఆ ఫోనుతోనే మొదటినుండి తుదివరకు పట్టించి దాచుడు.