సరిహద్దు దాటిన వైద్యం

నంద్యాల దగ్గరి శిరివెళ్ల మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి కర్నూలులో మొదలై నంద్యాల, ఆళ్లగడ్డ, కడప, చిత్తూరు దాటి తమిళనాడులోని రాణిపేట చేరుతుంది. అక్కడికి వేలూరు దగ్గరే. కర్నూలు పెద్దాసుపత్రిలో కుదరని జబ్బయితే ఈ పక్క జనం హైదరాబాదుకో వేలూరుకో బయల్దేరతారు. ఆ దారులు మారలేదు, రాష్ట్రాల ఎల్లలే మారాయి. వైద్యానికి పెట్టిన డబ్బు తిరిగొస్తుందా రాదా అన్నది చాలాసార్లు ఆ ఎల్లల మీదే ఆధారపడింది.

1953 అక్టోబరు 1కి ముందు కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. వేలూరు అప్పుడు సొంత రాష్ట్రంలోని ఊరే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన రోజున వేలూరు పొరుగు రాష్ట్రపు ఊరైంది. 1956 నవంబరు 1న హైదరాబాదు మనలో కలిసింది, 2014 జూన్ 2న విడిపోయింది.

ఖర్చు పెట్టి తర్వాత రాబట్టుకునే పద్ధతి మొదట దక్కింది ప్రభుత్వోద్యోగులకే. 1972 నాటి వైద్య సహాయ నిబంధనల కింద డిశ్చార్జి అయిన 6 నెలల లోపు బిల్లు పెట్టుకోవాలి. డిశ్చార్జి సమ్మరీ, మందుల షాపు ఒరిజినల్ బిల్లులు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్న ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ వైద్యం అవసరమేనన్న ధ్రువపత్రం) జతచేయాలి. వేలూరులో ఆ ముద్ర వేయించుకోకుండా వస్తే మళ్లీ అంతదూరం పోవాల్సిందే. కూలీకి ఈ దారి కూడా లేదు. ఎమ్మెల్యే లేఖతో ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకుని చెక్కు కోసం ఎదురుచూడటమే మిగిలేది.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా విస్తరించింది. అప్పట్లో తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, రోగి రూపాయి కట్టనక్కర్లేదు, ఆసుపత్రికి ప్రభుత్వమే చెల్లించేది. నా దృష్టిలో తెలుగునాట పేదవాడి వైద్యంలో ఇంత పెద్ద మార్పు మరొకటి రాలేదు. అయితే పథకం గుర్తించిన నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో సొంతంగా కట్టిన డబ్బు మాత్రం ఈ పథకం కింద తిరిగి రాదు.

విభజన తర్వాత ఈ లోటు బాగా తెలిసొచ్చింది. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు చాలావరకు హైదరాబాదులోనే ఉండిపోయాయి. 2019 నవంబరు 1 నుంచి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లో 716 చికిత్సలకు ఆరోగ్యశ్రీని వర్తింపజేశారు. అంటే విభజన జరిగిన ఐదేళ్లకు పైగా గడిచాక. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ అయితే ఏ రాష్ట్రంలోని గుర్తింపు ఆసుపత్రిలోనైనా కార్డు చెల్లాలన్న సూత్రం మీదే నడుస్తోంది. ఐరోపా సమాఖ్య ఇంకో మెట్టు ఎక్కింది. పొరుగు దేశంలో వైద్యం చేయించుకున్నా, సొంత దేశంలో ఎంత చెల్లించేవారో అంతవరకు తిరిగివ్వాలని 2011లోనే ఆదేశమిచ్చింది. దేశాల మధ్యే సాధ్యమైంది రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఎందుకు కాకూడదు? అత్యవసరంలో నెట్‌వర్క్ బయట చేరిన పేద రోగికి, పథకం రేటు మేరకైనా డబ్బు తిరిగివ్వాలి.

ఆ రోజు వచ్చేదాకా, ఊరు దాటేముందు హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయండి. మీరు పోయే ఆసుపత్రి, మీ జబ్బు రెండూ పథకంలో ఉన్నాయో లేదో కనుక్కోండి. లేకపోతే ప్రతి ఒరిజినల్ బిల్లూ దాచుకోండి. సహాయ నిధికి దరఖాస్తు పెట్టాలంటే అవే ఆధారం.