మట్టిగోడకు మట్టియే మందు

పూర్వము ఒమాను దేశపు లోపలి గ్రామములలో పచ్చియిటుకలతో గోడలు కట్టి, ఖర్జూరపు దూలములపై చాపలు పఱచి, మట్టితో కప్పు వేసెడివారు. అట్టి యింటికి వానలు వెలిసిన పిమ్మట మరమ్మతు తప్పదు. మట్టిలో గడ్డి కలిపి త్రొక్కి పగుళ్లు పూడ్చుటకు గొప్ప పనివాడు అక్కఱలేదు. ఇంటివారి చేతులే చాలును. నీరు తగులు చోట సారూజు పూసెడివారు. కాల్చిన బంకమన్నును దంచి సున్నముతో కలిపిన పూతయే సారూజు.

1970లో సుల్తాను ఖాబూసు ఏలుబడికి వచ్చిన తరువాత సిమెంటు ఇండ్లు పెరిగెను. జనులు వానిలోనికి తరలిపోగా పెక్కు పాతపేటలు కూలసాగెను. వానిని కూల్చినది వాన యొక్కటే కాదు, ఏటేట పూయు చేయి లేమియే.

బహ్లాలోని పచ్చియిటుకల కోటయు నిట్లే శిథిలమయ్యెను. 1987లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చెను. మఱుసటి యేడే అపాయస్థితిలో నున్నవాని పట్టికలోను చేర్చవలసి వచ్చెను. మట్టిసామగ్రితోనే బాగుచేయగా 2004లో ఆ రెండవ పట్టికనుండి తొలగించిరి.

మట్టిగోడపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి, పూత పెచ్చులుగా నూడును. కావున మట్టియిల్లు గలవారు మొదట గోడ మొదట నిలుచు నీటికి కాలువ తీయవలెను. పిదప వదులైన మట్టిని గీకి, తడిపి, గడ్డి కలిపిన మట్టిని అదిమి పూయవలెను. ఈయేటి బెత్తెడు పగులును నేడే పూడ్చినవాడు వచ్చే యేడు గోడ కట్టనక్కఱలేదు.